థార్న్‌మియర్ ప్రభువుకు నేను ఇప్పించిన దత్తత

ముందే ఒప్పేసుకుంటాను. బిడ్డలు లేకుండా కన్నుమూసిన ఒక ఇంగ్లీషు ప్రభువుకు, ఆయన పోయిన ఎన్నో ఏళ్ల తర్వాత, ఆత్మకూరులో చాప మీద కూర్చుని ఒక కొడుకును ఇప్పించిన మొనగాణ్ణి నేను. సంతానం కలగాలంటే నుదుట రాత ఉండాలంటారు. నేను రాతగాణ్ణే కదా అని రాసి పారేశాను. ఆ సంగతి ప్రభువు ఇంటివారి చెవిన పడ్డ రోజున నా కొలువు ఊడినంత పనయింది. అంతటితో పోయి ఉంటే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. నా తెలివి పుణ్యమా అని మర్రిపాడు వైపు ఒక విధవరాలి ఊరూ, ఆమె ఇంటి పేరూ రెండూ చేజారబోయాయి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు మా అరుగు మీద కూర్చుని, ఏ పరీక్షకు ఏం చదవాలి, ఏ కాగితం ఎవరికి ముందు చూపించాలి అని నన్ను అడుగుతుంటారు. అవన్నీ కచ్చేరీ జవాన్లకు నాకంటే బాగా తెలుసు. నేను చేసిన తప్పు మాత్రం నాకంటే బాగా ఎవరికీ తెలియదు. అందుకని అదే చెబుతాను.

మునిషీ అంటే ఎవరు

నేను దొరల మునిషీని. పొద్దున దొరకు తెలుగు చెప్పాలి. పగలు కచ్చేరీలో జనం మాట దొరకు ఇంగ్లీషులోనూ, దొర మాట జనానికి తెలుగులోనూ అందించాలి. కొత్తగా వచ్చిన దొరలు మద్రాసు వెళ్లి తెలుగు పరీక్ష రాయాల్సిన రోజులవి. దొర తప్పితే మునిషీ మంచివాడు కాదు. దొర ప్యాసయితే దొర తెలివైనవాడు. ఈ లెక్క అర్థమైతే సగం కొలువు అర్థమైనట్టే.

మొదటి ఏడాదే నాకు పాఠం దొరికింది. మర్రిపాడు నుంచి ఒక గొర్రెల కాపరి వచ్చి, "దొరా, నా కొంప మునిగిపోయినాది, నువ్వే కాపాడాల" అని కాళ్ల మీద పడ్డాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాలన్న ఉత్సాహంలో అతని ఇల్లు నీట మునిగిందని ఇంగ్లీషు చేశాను. అప్పటి దొర కంగారుపడి, నీళ్లు ఎన్ని అడుగులు వచ్చాయి, ఎందరు పోయారు అని మర్రిపాడుకు తాకీదు పంపించాడు. తాగడానికే నీళ్లు లేక ఊరంతా వాగులో చెలమలు తవ్వుకుంటున్న కాలం అది. ఆ ఊరి మునసబు రాసిన జవాబు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: "మునిగేటంత నీళ్లు దొరవారు దయచేస్తే మునగడానికి ఊరంతా సిద్ధంగా ఉండాము."

అప్పుడు మా శిరస్తాదారు నరసింగరావు గారు, అంటే కచ్చేరీలో గుమాస్తాలందరికీ పెద్ద, నన్ను పక్కకు పిలిచారు.

"చూడవయ్యా, రైతు నోట్లో మిరపకాయ ఉంటాది. అది దొర చెవిలో బెల్లంముక్కై పడాల. మధ్యలో నువ్వెందుకు ఉండావనుకున్నావు?"

అనువాదమంటే అనువుగా ఉండి వాదం రాకుండా చూడటమని ఆనాడు నేర్చుకున్నాను. ఏడెనిమిదేళ్లు నిక్షేపంగా బెల్లం అమ్మాను. నరసింగరావు గారు మంచి మనిషి. ఆయన నేర్పిన విద్య మాత్రం మంచిది కాదు. ఈ మాట ఆయన ఉన్నప్పుడు అనే ధైర్యం నాకు లేకపోయింది.

తమ్ముడు దొర

ధాత నామ సంవత్సరంలో పడ్డ పెద్ద కరువు వెనకపట్టి, బతికినవాళ్లు మళ్లీ ఇళ్ల మీద కసువు కప్పుకుంటున్న రోజుల్లో కార్వెల్ దొర మాకు వచ్చాడు. పాతికేళ్లవాడు. బారెడు కాళ్లు, ఎండకు కమిలిన ముక్కు. పని దొంగ కాదు. కరువు పనులు ఇంకా నడుస్తున్నచోట ఎండలో నిలబడి, కూలీలకు పోసే గంజి తానూ ఒక గుక్క తాగి చూసేవాడు. అందుకు నేనతన్ని ఇప్పటికీ గౌరవిస్తాను. కోపం వస్తే మాత్రం చెవుల వరకూ ఎర్రబడేవాడు.

అతని అన్న ఇంగ్లీషు సీమలో థార్న్‌మియర్ ప్రభువు, ఆ వంశంలో ఏడోవాడు. ఈ వార్త తెలిసినప్పుడు కచ్చేరీలో పెద్ద సందేహం పుట్టింది. అన్న థార్న్‌మియర్, తమ్ముడు కార్వెల్. దొర ముందు కాగితాలు పెట్టే మా పేష్కారు నా చెవి దగ్గరకు వచ్చి, "ఇద్దురికీ నాయన ఒకడే అంటావా?" అన్నాడు. ఒకడే. వాళ్లలో బిరుదు వేరు, ఇంటిపేరు వేరు. బిరుదూ, మేడా, భూములూ అన్నీ పెద్దకొడుకు ఒక్కడికే. మిగిలినవాళ్లు పొట్ట చేతపట్టుకుని మన ఎండల్లోకి రావాలి. తమ్ముడు తనవాడే, మేడలో మాత్రం వాటా లేదు.

పరీక్షకు అభ్యాసంగా ఉంటుందని దొర తన వంశచరిత్రను తనే తెలుగులో చెబుతూ నా చేత రాయించేవాడు. మొదటి ప్రభువు సంగతి ఇది. ఒక రాజుగారు యుద్ధంలో ఓడి పారిపోతుంటే గుర్రం చచ్చిపోయిందట. ఈయన తన గుర్రం ఇచ్చాడట. తర్వాత రాజుగారు గెలిచి బిరుదు ఇచ్చాడట. మా వైపు రాజు కోసం తల ఇచ్చినవాడి పిల్లలకు ఊరు ఇచ్చేవారు, దాన్ని రక్తమాన్యం అంటారు. వాళ్ల వైపు గుర్రంతో సరిపోయిందన్నమాట.

"మరి ఆయన ఇంటికెట్లా వెళ్లారు దొరా?" అని అడిగాను.

"నడిచి," అన్నాడు దొర, ఎంతో గర్వంగా.

రెండో ప్రభువు ఉన్ని వర్తకుడి ఏకైక కూతుర్ని పెళ్లాడి ఆస్తి పెంచాడు. మూడో ప్రభువు మేడ కట్టించి, దాని ముందు మైలు పొడవున చెట్ల బాట వేయించాడు. బిడ్డలు మాత్రం కలగలేదు. "నాలుగవ ప్రభువు మూడవవారి పినతాత మనుమడు" అని దొర చెబుతూ ఉండగా కలువాయి నుంచి జవాను వచ్చాడు, అక్కడ కూలీలు పని మాని కూర్చున్నారని. దొర గుర్రమెక్కుతూ, "తక్కినది తెలిసినదే. సొంపుగా వ్రాసి ఉంచుము. ఉదయగిరి మకాములో పెద్దల ఎదుట చదువుదము," అని వెళ్లిపోయాడు.

తక్కినది తెలిసినదే. ఆ మాటే నన్ను ముంచింది. మూడో ఆయనకు బిడ్డలు లేరు. నాలుగో ఆయన జ్ఞాతి బిడ్డ. మధ్యలో ఏం జరిగి ఉంటుందో పలక పట్టిన పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు కదా? దత్తత రాసేశాను. రాసేవాణ్ణి ఊరుకోవచ్చుగా, హోమం చేయించాను. జ్ఞాతులందరినీ పిలిపించాను. కన్నతల్లి చేత కంట తడి పెట్టించి, బిడ్డను ప్రభువుగారి భార్య ఒడిలో కూర్చోబెట్టాను. ఆ చలిదేశంలో హోమం కాస్త వెచ్చగా కూడా ఉంటుందనుకున్నాను. ఒక వంశవృక్షానికి ఇంత చక్కగా అంటు కట్టినవాడు జిల్లాలో ఇంకొకడు లేడని పొంగిపోయి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఉదయగిరి మకాము

ఇక్కడ కోనపాడు సంగతి చెప్పాలి. మర్రిపాడు వైపు మెట్టనేలల్లో చిన్న ఊరు. ఉదయగిరి కోట వాకిట్లో తల ఇచ్చిన ఒక పాళెగాడి వంశానికి వచ్చిన రక్తమాన్యం అది. ఊరితోపాటు నాయనివారు అన్న బిరుదు. ఆఖరి నాయనివారు బిడ్డలు లేకుండా పోయాడు. పోకముందు దూరపు చుట్టం కొడుకు తిమ్మనాయుణ్ణి దత్తత చేసుకున్నాడు, కానీ కాగితం రాయలేదు. ఆ దత్తత చెల్లుతుందా, చెల్లక ఊరు సర్కారులో కలిసిపోతుందా అని విచారించి రాయవలసిన పని కార్వెల్ దొర మీద పడింది. నాయనివారి భార్య కొండమ్మగారు ఆ జవాబు కోసమే కాచుకుని ఉన్నారు.

ఉదయగిరిలో కొండ కింద డేరా వేశారు. చుట్టుపక్కల రెడ్లు, కరణాలు, పెద్దమనుషులు వచ్చారు. కోనపాడు కార్యకర్త వీరాస్వామి కూడా వచ్చాడు, కొండమ్మగారి వ్యవహారాలు చూసే ముసలాయన. నేను గొంతు సవరించుకుని చదివాను. గుర్రం దానం దగ్గర బాగుందన్నారు. దత్తత దగ్గరకొచ్చేసరికి సభంతా తలలు ఊపింది.

"శాస్త్రప్రకారం చేసినారే! మంచి వంశమబ్బా," అన్నాడు ఒక రెడ్డి.

వీరాస్వామి ఆనందం పట్టలేక లేచి నిలబడ్డాడు. "విన్నారా? దొరగారి వంశంలోనే దత్తత ఉండాది! ఇంక మా అబ్బయ్యకు భయమేంది?"

దొర చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీలోంచి లేచాడు.

"నీవు నా ముత్తాతను దత్తపుత్రునిగా చేసితివి!" అన్నాడు నాతో.

అంత కోపంలోనూ ఒక్క విభక్తి తప్పలేదు. గురువుగా పొంగిపోవాలో, నౌకరుగా కుంగిపోవాలో తెలియక నిలబడిపోయాను.

డేరాలోకి పిలిచి ఇంగ్లీషులో వాయించాడు. వాళ్ల దేశంలో దత్తుడికి బిరుదు రాదట. మగవాడి వరసన రక్తం వచ్చి ఉండాలి, ఎంత దూరపువాడైనా ఫరవాలేదు. అంతేకాని ఎవరూ ఎవరినీ ఎంచుకోవడానికి లేదట. నేను రాసింది నిజమైతే నాలుగో ప్రభువు మొదలు తన అన్న దాకా అందరూ దొంగ ప్రభువులేనట.

"నిజం చెప్పు. ఆ కోనపాడువాళ్లు నీకేమిచ్చారు?" అన్నాడు.

వాళ్లేమీ ఇవ్వలేదు, అక్షింతలన్నీ తమరే వేస్తున్నారు అని నోటిదాకా వచ్చింది. మింగాను. "ఏమీ లేదండీ. మా దేశంలో ఇలాగే జరుగుతుంది గనక రాశాను," అన్నాను.

"అదే నాకు ఇప్పుడు అర్థమైంది. మీ దేశంలో వంశం తెగితే సిరాతో అతికిస్తారు. కోనపాడులోనూ అతికించే ఉంటారు. వచ్చే వారం అక్కడికి వెళుతున్నాం. నువ్వు ఒక్క మాట కలిపినా, ఒక్క మాట తీసినా అదే నీ ఆఖరి రోజు."

బయటికి వస్తే వీరాస్వామి.

"ఏందయ్యా మునిషీ, కొంపకు నిప్పుబెట్టినావే! దొరగారి ముత్తాత మా పక్కన ఉండాడని నమ్మితిమే!"

"నాయనా, ఆయన నా పక్కన కూడా లేడు," అన్నాను.

ఆయన నవ్వలేదు. "మా దొరసానమ్మకు ఏం చెప్పేది? ఊరు పోతే ఆయమ్మ యాడికి పోతాది?" అన్నాడు. నా హాస్యం నాకే చేదుగా తగిలింది. ఎవరో అడగకుండానే సొంపుగా రాసినందుకు, నేను ఎన్నడూ చూడని ఒక ఇల్లాలి ఇంటి మీద అనుమానం పడింది.

కోనపాడు చావడి

కోనపాడు పెద్ద ఇల్లు అంటే ఊహించుకోకండి. మట్టి గోడలు, ముందు ఒక చావడి. కరువులో ఆ చావడి ముందే తిమ్మనాయుడు ధాన్యం పాతర తవ్వించి, జొన్న గంజి కాయించి, వచ్చినవాడికల్లా పోయించాడు. పొయ్యిరాళ్ల మసి ఇంకా నేల మీదే ఉంది.

దొర కుర్చీలో కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. కొండమ్మగారు తలుపు చాటున ఉంటారనుకున్నాను. ఆమె బయటకే వచ్చి, స్తంభానికి ఆనుకుని కింద కూర్చున్నారు. అరవై దాటిన మనిషి, సన్నగా కట్టెపుల్లలా ఉన్నారు. తిమ్మనాయుడు ఆమె వెనక నిలబడ్డాడు.

"దత్తత కాగితం ఏది?" అన్నాడు దొర. నేను తెలుగులో అడిగాను.

"కాగితం లేదు బాబూ. మా పెద్దాయన పోతా పోతా వీణ్ణి ఒళ్లో కూసోబెట్టుకున్నాడు. ఊరంతా చూసినాది."

"ఊరు అబద్ధం చెప్పవచ్చు. వేరే రుజువు?"

ఆ ఇంటి పురోహితుడు ముందుకు వచ్చాడు. నాయనివారు పోయినప్పటి నుంచి ఏటేటా ఆబ్దికంలో తిమ్మనాయుడు ఈ ఇంటి గోత్రంతోనే నీళ్లు వదులుతున్నాడనీ, కన్నతండ్రి ఇంటి గోత్రం విడిచిపెట్టాడనీ చెప్పాడు. "అబ్బయ్యా, పేర్లు చెప్పు," అన్నాడు.

తిమ్మనాయుడు కళ్లు మూసుకుని చెప్పాడు. పెంచిన తండ్రి, ఆయన తండ్రి, ఆయన తాత. ఆ తర్వాత ఆడవాళ్ల పేర్లు. కొండమ్మగారి అత్త, అత్తకు అత్త, ఆమె అత్త. ఒక్కొక్క పేరుకూ నీళ్లు వదులుతున్నట్టే వేళ్లు వంచాడు.

నేను ఒక్కొక్క పేరూ దొరకు అందించాను. ఆయన పెదవి విరిచాడు.

"నేర్పితే చిలక కూడా చెబుతుంది," అన్నాడు. తర్వాత, ఈ ముసలామెకు అర్థమయ్యేలా చెప్పాలనుకున్నాడేమో, తన ఇంటి సంగతే చెప్పాడు. "మా వంశంలో మూడవ ప్రభువుకు బిడ్డలు లేరు. ఆయన ఎవరినీ ఒళ్లో కూర్చోబెట్టుకోలేదు. రక్తసంబంధం ఉన్నవాడు దూరదేశం నుంచి వచ్చి బిరుదు తీసుకున్నాడు. అదీ పద్ధతి. ఆమెకు చెప్పు."

చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నారు.

"ఆ వచ్చినాయన, చచ్చిపోయినాయన్ని ఎప్పుడన్నా చూసినాడా బాబూ?"

"లేదు."

"ఆ ఊరిని చూసినాడా?"

"లేదు. వచ్చాక మొదట చెట్ల బాట కొట్టించి కలప అమ్మాడు," అన్నాడు దొర. అతనిది నిజాయితీ. అది నాకు బాగా నచ్చే గుణం.

"మరి చచ్చినాయన పెండ్లాం ఏమైపోయినాది?"

"మేడ వదిలి వెళ్లిపోయింది. ఎక్కడో చిన్న ఇంట్లో ఉండేదట."

"ఆయమ్మ పేరేంది?"

నేను అడిగాను. మొదటి ప్రభువు గుర్రం రంగు తెలుసు దొరకు. ఈమె పేరు తెలియదు. "పేరు తెలియదు," అన్నాడు చివరకు.

కొండమ్మగారు ఆయన మొహంలోకే చూస్తూ చాలా మెల్లగా అన్నారు:

"ఇన్ని తరాలు చెప్పుకుంటిరి, ఆ ఇంట్లో దీపం పెట్టినామె పేరు తెలీకపాయనే! ఆయమ్మ ఇంకా మీ ఆకిలి బయటే నిలబడి ఉండాది బాబూ. నాకా గతి వద్దు. నేను పోయినాక నా పేరు చెప్పి ఇన్ని నీళ్లు వదిలేవోడు ఎవురా అని వెతుక్కుని, చూసి, గుణం చూసి, వీణ్ణి తెచ్చుకున్నా. రక్తం దానికదే వస్తాది. కొడుకుని మనం తెచ్చుకోవాల."

వీరాస్వామి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. బెల్లం పూయమని బతిమాలుతున్నాడు. పూయడం నాకు క్షణంలో పని. "దొరవారి వంశం గొప్పది, ఈ దిక్కులేని ముసలిదాన్ని కాపాడమంటోంది" అంటే చాలు. ఎనిమిదేళ్లు అదే కదా చేశాను. దొరకు ఈ మెట్ట యాస అందదు, పట్టుబడను కూడా.

కానీ ఆ మాటకు బెల్లం పూస్తే, ఆమెను కూడా ఆకిలి బయట నిలబెట్టినట్టే అనిపించింది. ఉన్నదున్నట్టు చెప్పాను. దీపం, ఆకిలి, బయట నిలబడటం, అన్నీ. "కొంప మునిగింది" నాటి గుడ్డి అనువాదం కాదు ఇది. ఆమె మాటలో ఉన్న బరువు ఇంగ్లీషులోనూ ఉండేలా, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ చెప్పాను. చెబుతున్నంతసేపూ దొర చెవుల వైపు చూడలేదు. ఎర్రబడితే ఎర్రబడనీ అనుకున్నాను.

దొర పుస్తకం తెరిచి, కలం తీసి, నా వైపు చూడకుండానే తెలుగులో అడిగాడు:

"ఈమె పేరు ఎట్లు వ్రాయవలెను?"

చెప్పాను. రాసుకున్నాడు. తర్వాత తిమ్మనాయుణ్ణి పిలిచి, ఆ పేర్లన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడు. ఈసారి ఆడవాళ్ల పేర్లు కూడా రాసుకున్నాడు.

తీర్పు

ఒక్క మాటకే దొర కరిగిపోయాడని రాస్తే అది నా పాత అలవాటే అవుతుంది. ఆయన ఇంకో రెండు రోజులు ఆ చుట్టుపక్కలే ఉండి, పక్క ఊళ్లవాళ్లను విడివిడిగా విచారించాడు. దత్తత చూసినవాళ్లను అడిగాడు. గంజి తాగి బతికినవాళ్లను అడిగాడు. ఒక ముసలి చాకలామె, "నాయనివారు ఎవురని అడుగుతావేంది సామీ? గంజి పోసినోడు నాయనివారు, ఇంకెవురు?" అని ఆయన్నే కసిరింది. అదీ ఉన్నదున్నట్టే చెప్పాను. అప్పటికి నాకు రుచి తగిలింది.

దత్తత నిజమనీ, ఊరు ఆ ఇంటికే ఉండాలనీ దొర రాశాడు. పై కచ్చేరీ నుంచి ఖాయపరుస్తూ జవాబు రావడానికి నెలలు పట్టింది. ఆ కాగితం పట్టుకుని నేనే కోనపాడు వెళ్లాను. చదివి వినిపిస్తే తిమ్మనాయుడు స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. వీరాస్వామి పైపంచెతో మొహం కప్పుకున్నాడు. కొండమ్మగారు ఒక్కటే అడిగారు.

"దాంట్లో నా పేరు ఉండాదా?"

"ఉందమ్మా. రెండు చోట్ల ఉంది."

"అత్తల పేర్లు?"

"అవీ ఉన్నాయి."

"అయితే సరే. మజ్జిగ తాగిపో నాయనా," అన్నారు.

నా కొలువంతటిలో ఎన్నో కాగితాల కింద నా పేరు ఉంది. వాటిలో ఒక్కటీ నాకు గుర్తు లేదు. నా పేరు ఎక్కడా లేని ఆ కాగితాన్ని మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ వీపు నిటారుగా అవుతుంది. పిల్లలూ, మీరు నేర్చుకోవలసింది ఇంగ్లీషు కాదు, తెలుగూ కాదు. అవి రెండూ వచ్చినవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. మనకు తెలిసిందే లోకమంతా జరుగుతుందనుకుని ఖాళీలు పూరించకండి. తెలియనిచోట ఖాళీ వదిలేయండి, అడిగి రాయండి. ఎదుటివాడి మాట మిరపకాయైతే మిరపకాయగానే చేతిలో పెట్టండి. కళ్లు మండితే మండుతాయి, చూపు పోదు. పరువు కోసం మాట మార్చేవాడికి మాట మీద హక్కు ఉండదు, పరువూ దక్కదు.

నా పగ

కార్వెల్ దొర న్యాయం చేశాడు కానీ నన్ను "వాళ్లు నీకేమిచ్చారు" అన్న మాట వెనక్కి తీసుకోలేదు. మరిచిపోయాడేమో. మాట అన్నవాడు మరిచిపోతాడు, పడ్డవాడు పడి ఉంటాడు. నేను పైకి నవ్వుతూనే ఉన్నాను. లోపల మాత్రం ఆ మాట గొంతులో పడ్డ ముల్లులా కదులుతూ ఉండేది.

దొరకు బదిలీ వచ్చింది. పరీక్ష కూడా ప్యాసయ్యాడు. వెళ్లే ముందు నన్ను పిలిచి, వంశచరిత్రను సరిదిద్ది, దళసరి కాగితం మీద గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాసివ్వమన్నాడు. సీమలో ఉన్న అన్నకు కానుకగా పంపాలట. "ఈ మారు హోమములు వలదు," అన్నాడు, నవ్వుతూనే.

హోమాలు లేకుండానే రాశాను. ఒక్క అబద్ధం లేదు. మూడు వారాలు పట్టింది. నా చేతిరాత అంత బాగా అంతకు ముందూ కుదరలేదు, ఆ తర్వాతా కుదరలేదు. దొర కాగితం అందుకుని నేరుగా నాలుగో ప్రభువు దగ్గరికే వెళ్లాడు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, మూడుసార్లు చదివాడు. దత్తత లేదు. తృప్తిగా తల ఊపి, మిగతాది చదవకుండానే చుట్ట చుట్టించాడు.

పై పంక్తి చదివి ఉంటే అక్కడ ఇలా కనిపించేది: "మూడవ ప్రభువు భార్య, భర్త పోయిన పిమ్మట మేడ విడిచి వెళ్లినది. ఆమె పేరు ఈ వంశమువారికి తెలియదు."

కొన్నేళ్లకు ఆయన దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. నేను రాసిచ్చిన వంశచరిత్రను గాజు చట్రంలో బిగించి, మేడలో భోజనాల గదిలో, మొదటి ప్రభువు బొమ్మ పక్కనే తగిలించారట. వచ్చిన అతిథులందరూ ఆగి చూస్తారట, చదవడం మాత్రం ఎవరికీ రాదట. అందులోనూ మధ్యలో ఒక పంక్తి అన్నిటికంటే అందంగా ఉందని అంటారట. ఉండదూ మరి, ఆ పంక్తి ఒక్కటీ నేను కొంచెం పెద్ద అక్షరాలతో రాశాను.